అవతలి దేశపు కోడలు

మా కోడలు ఝుమాది బంగ్లాదేశ్. ఆ మాట అనగానే ఎదుటి మనిషి ముఖంలో ఒక ప్రశ్న కదులుతుంది. సూటిగా అడగలేక, మన దేవుళ్లకు మొక్కుతుందా అని చుట్టు తిప్పి అడుగుతారు. మొక్కుతుంది, నాకన్నా రెండు దండాలు ఎక్కువే పెడుతుంది అని చెబుతాను. ఆ ఏడు వానాకాలం దాకా ఆ ప్రశ్నకు అంతకన్నా బరువు ఉండేది కాదు.

మా భరణి ఇక్కడ డాక్టరు సీటు రాక, ఫీజు తక్కువని అక్కడికి పోయి మైమెన్‌సింగ్ అనే ఊళ్లో చదివాడు. వాడు కిరాయికి ఉన్న గది పక్కనే లెక్కల సారు నిఖిల్ బాబు గారి ఇల్లు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు ఝుమా. చదువు ముగించుకుని వచ్చిన కొడుకు, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు. మా ఆయన సిద్ధిరాములు కొన్నాళ్లు వాడితో మాట మానేశాడు. తర్వాత పెళ్లి పత్రికలు తనే ఇల్లిల్లూ తిరిగి పంచాడు.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ గుడ్డలు, లైనింగులు, చీరలకు ఫాల్సు అమ్ముతాం. ఝుమా తెలుగు నేర్చుకున్నది ఆ దుకాణంలోనే. "గీ రంగు గాదక్కా, జర ముదురుది జూపిస్త ఆగు" అని ఆమె అంటుంటే నంగునూరు నుంచి బస్సు దిగి వచ్చిన ఆడవాళ్లు బేరం మరిచిపోయి వినేవాళ్లు. పెళ్లయిన రెండో ఏడు పాప పుట్టింది. సాయిసుధ అని పేరు పెట్టుకున్నాం.

ఆ తర్వాతి ఎండాకాలంలో నిఖిల్ బాబు గారికి అన్నం గొంతు దిగడం కష్టమైంది. హైదరాబాద్ తెచ్చి పెద్ద దవాఖానలో చూపిస్తే అన్నవాహికలో గడ్డ అన్నారు. మందులు ఎక్కించి, గడ్డ చిన్నదయ్యాక శ్రావణంలో ఆపరేషన్ చేస్తాం, అప్పుడు రండి అన్నారు. మందు ఎక్కించే రోజులు పోను మిగతా రోజులు మా ఇంట్లోనే ఉన్నాడాయన. పొద్దున మా ఆయనతో పాటు దుకాణానికి వచ్చి కూర్చునేవాడు. ఇద్దరికీ సరిగా రాని హిందీలో ఏం చెప్పుకునేవారో గానీ, మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే గానీ లేచేవారు కాదు. వెళ్లేటప్పుడు పాపను వాళ్ల భాషలో 'మామొణి', చిట్టితల్లీ, అని ముద్దాడి, శ్రావణంలో వస్తాను కదా అన్నాడు. ఆయన వీసా గడువు అయిపోవచ్చింది. ఇంటికి పోయి మళ్లీ పెట్టుకుంటే అదే వస్తుందని మా అందరికీ ధీమా.

శ్రావణం వచ్చేసరికి అక్కడ గొడవలు ముదిరి సర్కారు పడిపోయింది. రెండు దేశాలకూ మాట చెడింది. వీసా ఆఫీసులు మూశారు. మళ్లీ తెరిచారు గానీ రోజుకు కొందరికే, అదీ ఎవరికి దొరుకుతుందో తెలియదు. రైళ్లు ఆగిపోయాయి. నిఖిల్ బాబు గారు దవాఖాన చీటీలన్నీ పెట్టి అడిగాడు. ఝుమా తల్లి రోజూ పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చునేది. ఆపరేషన్‌కు ఇచ్చిన తారీకు వచ్చింది, పోయింది.

మా వీధిలో గాలి కూడా మారింది. టీవీలో అక్కడి మంటలు చూసి వచ్చినవాళ్లు దుకాణంలో ఝుమాను చూసి గొంతు తగ్గించేవాళ్లు. ఒకాయన జాకెట్ గుడ్డ మడత పెట్టించుకుంటూ, వీళ్లను ఎప్పుడు పంపిస్తారంట అని మా ఆయనను అడిగాడు, ఆమె పక్కనే ఉండగా. మా ఆయన ఆ గుడ్డ వెనక్కి తీసుకుని, అమ్మేది లేదు, పొమ్మన్నాడు. పోలీసు స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చి ఝుమా కాగితాలు చూసుకుని పోయాడు. మర్యాదగానే మాట్లాడాడు, మంచినీళ్లు కూడా తాగాడు. అతను పోయాక ఝుమా ఆ గ్లాసు కడుగుతూ చాలాసేపు నల్లా కిందే పెట్టింది.

"ఆడ మా అమ్మోళ్లను ఇండియాకు పొమ్మంటున్నరంట అత్తమ్మా" అన్నది.

వినాయక చవితి నాటికి నిఖిల్ బాబు గారికి గంజి కూడా దిగడం లేదు. ఇక ఇండియా మాట మరిచి ఢాకాలోనే ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. తల్లికి ఢాకా కొత్త, తోడు ఎవరూ లేరు. ఝుమా వీసా దసరా దాకా ఉంది. ఇక్కడ పొడిగించమని పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. ఈ లోపల పోయి, ఆపరేషన్ చేయించి, గడువు తీరకముందే తిరిగి రావచ్చని లెక్క వేసుకుంది. పాపకు పాస్‌పోర్టు లేదు, తీసుకుపోయే వీలు లేదు. భరణికి అటు వీసా దొరకలేదు.

భరణి వద్దన్నాడు. ఏమన్నా తేడా వస్తే మళ్లీ రానిస్తారో లేదో అన్నాడు. ఝుమా నా దగ్గరికి వచ్చి నిలబడింది. నాకు మా బాపు పోయిన రోజు గుర్తుకొచ్చింది. సిద్దిపేట నుంచి మా తల్లిగారి ఊరు తొగుటకు ఎంత దూరం? ఆ దూరం నుంచే నేను చేరేసరికి ఆయన ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

"పో బిడ్డా" అన్నాను. "పాపకు నేనున్న."

పాలు మాన్పించాలి. ఝుమా వేపాకు నూరి రొమ్ములకు రాసుకుంది. పాప నోరు పెట్టి, ముఖం చిట్లించి, తల తిప్పుకుంది. మళ్లీ పెట్టింది. మూడోసారి ఏడవలేదు గానీ తల్లి ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. ఝుమా లేచి స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుంది. నేను పాపను ఎత్తుకుని వాకిట్లోకి పోయి, గోడ మీద పోతున్న ఉడుతను చూపించాను.

వెళ్లిన మొదట్లో రోజూ వీడియో కాల్ చేసేది. పాప ఫోను నాకేది. అక్కడ దవాఖానలో నిఖిల్ బాబు గారికి రక్తం తక్కువుందని ఆపరేషన్ ఒకసారి వాయిదా వేశారు, ఇంకోసారి వేశారు. ఇక్కడ ఎంగిలిపూల బతుకమ్మ పోయి, సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆ పొద్దున ఇంటి నిండా పూలే. గునుగు పూలకు రంగు అద్దుతున్నాను, చేతులు ఎర్రగా ఉన్నాయి. మా ఆయన ఫోను తెచ్చి నా చెవికి ఆనించి పట్టుకున్నాడు.

ఝుమా తిరుగు టికెట్టు ఆ మర్నాటిది. ఆపరేషన్ మాత్రం వచ్చే వారానికి ఖాయం చేశారట. ఈసారి వాయిదా వేయరట. రేపు బయలుదేరితే తండ్రి ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పుడు ఆమె ఉండదు. ఉంటే వీసా గడువు దాటిపోతుంది.

"ఏం జెయ్యాలె అత్తమ్మా?" అన్నది.

"ఉండు. ఆపరేషన్ అయినంక రా."

"మరి వీసా?"

"మళ్ల పెట్టుకుంటె ఇయ్యరా? మొగుడు ఈడ, బిడ్డ ఈడ. ఎందుకియ్యరు?"

సరే అన్నది. వెనక ఎవరో మందుల పేర్లు పిలుస్తున్నారు, ఫోను పెట్టేసింది. నేను మిగిలిన గునుగు అద్ది, తంగేడు పూలు వరుసగా పేర్చి, సాయంత్రం పాపను చంకనెత్తుకుని కోమటి చెరువుకు పోయి అందరితో పాటు ఆడి వచ్చాను. రాత్రి అన్నం దగ్గర భరణికి చెబితే, "మంచిగనే చెప్పినవమ్మా. నన్నడిగినా గదే చెప్తుంటి" అన్నాడు.

ఆపరేషన్ అయింది. నిఖిల్ బాబు గారు బతికాడు. మా ఆయన దుకాణంలో అందరికీ మిఠాయి పంచాడు. ఆ సంతోషంలో రెండు రోజులు వీసా మాట ఎవరికీ గుర్తుకు రాలేదు.

గుర్తుకు వచ్చాక ఇక వేరే మాట లేదు. అర్జీ పెట్టాలంటే ముందు వీసా ఆఫీసుకు పోయే తారీకు దొరకాలి. తారీకు కోసం ఫోనులో చూస్తే అన్నీ నిండిపోయి కనిపిస్తాయి. ఝుమా తెల్లవారుజామున లేచి చూసేది, అర్ధరాత్రి లేచి చూసేది. భరణి డ్యూటీ లేని ప్రతి రోజూ హైదరాబాద్ పోయేవాడు. ఒక ఆఫీసులో ఇది మా పని కాదన్నారు. ఇంకో ఆఫీసులో ఆమె ఇక్కడ ఉంటే చేసేవాళ్లం, బయట ఉంది కాబట్టి అక్కడే పెట్టుకోవాలన్నారు. ఢాకాలో అడిగితే తారీకు తీసుకుని రమ్మన్నారు. ఎవరూ కసురుకోలేదు. అందరూ కుర్చీ చూపించి, అంతా విని, పై నుంచి రావాలన్నారు. ఆ పై ఎక్కడుందో చెప్పినవాళ్లు లేరు.

భరణి స్నేహితుడు శైలేందర్‌కు లీడర్లతో తిరుగుడు ఎక్కువ. అతని వెంట మేమూ ఒక లీడర్ ఇంటికి పోయాం. పాపను కూడా ఎత్తుకు రమ్మన్నాడు శైలేందర్, చూస్తే మనసు కరుగుతుందని. వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆ లీడర్ పాప బుగ్గ నిమిరి, నిజంగానే బాధపడ్డాడు.

"రోడ్డు అడగమ్మా, ఏపిస్త. దవాఖానల బెడ్డు అడుగు, ఇప్పిస్త. గిది రెండు దేశాల ముచ్చట. నా చేతుల ఏమున్నది?" అన్నాడు.

వస్తుంటే శైలేందర్ నా ముఖం చూడలేక ముందు నడిచాడు. నాకు అతని మీద కోపం రాలేదు, ఆ లీడర్ మీదా రాలేదు. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికినా బాగుండేది.

కార్తీకం వచ్చింది. పాప నడక నేర్చింది. మొదటి అడుగులు వేసింది దుకాణంలో, లైనింగు గుడ్డల తానులు పట్టుకుని. నేను ఫోనులో తీసి పంపాను. ఝుమా వెంటనే చూసినట్టు ఫోనులో నీలం గీతలు పడ్డాయి. సాయంత్రం, గజ్జెలు కట్టండి అత్తమ్మా, ఎటు పోయిందీ తెలుస్తుంది అని మాత్రం పంపింది. పాపకు జ్వరమొస్తే తండ్రి డాక్టరు, మందు వేస్తాడు. రాత్రంతా పట్టుకుని తిరగాల్సింది నేను. నా చీర కొంగు నోట్లో పెట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. మాటలు వస్తున్నాయి. 'తాత' వచ్చింది, 'పూ' వచ్చింది. నన్ను 'అమ్మ' అంది. నేను కాదు బిడ్డా, నానమ్మను అని ఫోనులో తల్లిని చూపించి, "మా" అను, "మా" అను అని నేర్పాను. వాళ్ల భాషలో అమ్మను 'మా' అంటారు. పాప ఫోను చూసి "మా" అనేది, నా వైపు తిరిగి "అమ్మ" అనేది. ఆ పిల్లకు రెండూ వేరు వేరు.

నిఖిల్ బాబు గారు దవాఖాన నుంచి మైమెన్‌సింగ్ ఇంటికి చేరాడు. గొంతు బొంగురు పోయింది, మనిషి సగమయ్యాడు గానీ లేచి కూర్చుంటున్నాడు. కూతురు ఎందుకు పోవడం లేదో ఆయనకు చాలా రోజులు చెప్పలేదు. ఎలాగో తెలిసింది. ఒక ఆదివారం పొద్దున వీడియోలో ఆయనే కనిపించాడు. మా ఆయన, నేను, భరణి ముగ్గురం ఉన్నాం. నా చంకలో పాప. ఆయన రెండు చేతులూ జోడించి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. మధ్యలో గొంతు పట్టుకుని ఆగి, మళ్లీ అన్నాడు. ఝుమా వెనక నుంచి వచ్చి ఆయన చేతులు కిందికి దించింది. అర్థం చెప్పలేదు. భరణి లేచి బయటికి పోయాడు.

ఆ భాష వచ్చినవాడు కదా, ఏమన్నాడురా అని భరణిని అడిగితే ఏం లేదమ్మా అన్నాడు. రెండోసారి అడిగాక చెప్పాడు.

"దసరా ముందట్నే నేను సచ్చిపోతె అయిపోతుండె. పిల్ల గడువులనే ఇల్లు చేరుతుండె, అన్నడు."

మా ఆయన విని, ఆ పూట దుకాణం తెరవలేదు. ఎండాకాలం నిఖిల్ బాబు గారు కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ వాకిట్లోనే ఉంది. దాని మీద కూర్చుని, సిగ్గు లేని బతుకులు అన్నాడు. ఎవరిని అన్నాడో నేను అడగలేదు.

సాయంత్రం నేనే ఫోను చేయించి, అన్నయ్యా, మీరు బతకడం మాకు పండగ, ఆ మాట మళ్లీ అనకండి అని చెప్పాను. ఝుమా ఆయనకు చెప్పింది. ఆయన తలూపాడు. నేను అన్నది అబద్ధం కాదు. కానీ అంటున్నంతసేపూ పాప నా మెడ పట్టుకునే ఉంది, నేను ఆ చిన్న చేతిని అదుముకునే ఉన్నాను.

పుష్యంలో, ఎవరూ అనుకోని ఒక రోజు, వీసా వచ్చింది. ఏ తలుపు తట్టితే వచ్చిందో మాకు ఇప్పటికీ తెలియదు. ఏడాదికి ఇచ్చారు.

భరణి శంషాబాద్ పోయి ఝుమాను తీసుకొచ్చాడు. చిక్కిపోయింది. నల్లబడింది. గేటు దగ్గరే చెప్పులు విడిచి, సంచి కింద పెట్టి, వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపింది. "మామొణి" అంది. నేను పాపను కిందికి దించాను. పాప రెండడుగులు వేసింది. గజ్జెలు చప్పుడయ్యాయి. ఆగి ఆమెను పరీక్షగా చూసింది. తర్వాత తిరిగి వచ్చి నా చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకుంది.

ఝుమా చేతులు వెంటనే దించలేదు. కాసేపు అలాగే ఉండి, అప్పుడు తన కొంగు సర్దుకుంటున్నట్టు దించింది. దారి దుమ్ము, కాళ్లు కడుక్కుని వస్తానని నాతో నవ్వుతూ అన్నది.

రెండు రోజులు చూశాం. బొమ్మలిచ్చింది, పాట పాడింది. పాప బొమ్మ తీసుకునేది, పాట వినేది, ఎత్తుకోబోతే కేకపెట్టి నా దగ్గరికి పరుగెత్తేది. మూడో రోజు మధ్యాహ్నం పాప నా ఒడిలో నిద్రపోతుంటే ఝుమా పక్కన కూర్చుని, ముట్టుకోకుండా, ఆ పిల్ల అరికాళ్లను చూస్తోంది. చూస్తూనే, వాళ్ల నాన్న తనతో ఒట్టు వేయించుకున్నాడని చెప్పింది.

"తను సచ్చిపోయినా నన్ను రావద్దన్నడు అత్తమ్మా. వస్తె మళ్ల ఇడిసిపెట్టరు, పిల్ల మరిచిపోతది అన్నడు. ఒట్టేసి వచ్చిన."

ఆమె తండ్రిని అక్కడ వదిలి వచ్చింది, ఇక్కడ బిడ్డ చేతికి రావడం లేదు. నా చేతిలో ఉన్నదల్లా నేను అడ్డం తప్పుకోవడమే.

మర్నాడు పాప నిద్ర లేవకముందే చిన్నకోడూరు బస్సు ఎక్కాను. అక్కడ మా అక్క చంద్రవ్వ ఉంటుంది. మా ఆయనకూ భరణికీ చెప్పాను, పాప ఎంత ఏడ్చినా ఎత్తుకోవద్దని, తల్లికే వదిలేయమని. ఝుమాకు నేను చెప్పలేదు. గేటు తీస్తుంటే చూసి, అర్థమై, వాకిట్లో నిలబడిపోయింది.

మొదటి రోజు మా ఆయన ఫోను చేశాడు. పాప ఏడుపు వినిపించింది, ఆయన పెట్టేశాడు. చంద్రవ్వ వండిన అన్నం మీద మూత పెట్టి లేచాను. రెండో రోజు ఆయనా ఫోను చేయలేదు. రోడ్డు మీద సిద్దిపేట పోయే బస్సు ఆగినప్పుడల్లా నా కాళ్లు లేచేవి. చంద్రవ్వ చూసి, నన్ను వెనక గదిలో పడుకోమంది.

మూడో రోజు మధ్యాహ్నం ఝుమా ఫోను చేసింది. చాలా మెల్లగా మాట్లాడుతోంది.

"తిన్నదత్తమ్మా. నా చేతుల తిన్నది."

"పప్పన్నమా?"

"పప్పన్నమే. ఇప్పుడు పన్నది. నా మీదనే పన్నది. కదిలితె లేస్తదని గట్లనే కూసున్న."

"కొంగు ఇచ్చినవా నోట్లె?"

"ఇచ్చిన. మీ చీరెదే, తీగె మీద ఆరేసి ఉండె, గది కప్పుకొని కూసున్న." మళ్లీ తనే అడిగింది. "ఎప్పుడొస్తరు అత్తమ్మా?"

నిద్ర లేస్తుంది, మాట్లాడకు అని ఫోను పెట్టేశాను.

చంద్రవ్వ ఇవతలికి వచ్చి, అంతా చక్కబడింది కదా, ఇంకేం, సాయంత్రం బస్సుకు పో అన్నది. పోవచ్చు. కానీ నన్ను చూడగానే పాప ఆ ఒడి దిగి వస్తుందని నాకు తెలుసు. రాకపోతే ఏమవుతానో అదీ తెలుసు.

ఇంకొన్నాళ్లు ఉంటానన్నాను. వాకిట్లో పచ్చి కందికాయలు రాశి పోసి ఉన్నాయి. చాట ముందు పెట్టుకుని, అక్క పక్కన కూర్చుని ఒలవసాగాను.